బేరియాట్రిక్ సర్జరీ: 'బిఫోర్-ఆఫ్టర్' ఫొటోలు సరే.. పదేళ్ల తర్వాత సంగతేంటి?

బరువు తగ్గించే సర్జరీ అనగానే గుర్తొచ్చేవి రెండు ఫొటోలు. ఆపరేషన్‌కి ముందు, ఆ తర్వాత. రెండో ఫొటో ఎప్పుడు తీశారని మాత్రం ఎవరూ అడగరు. అసలు చిక్కంతా అక్కడే. మొదటి ఒకటి, రెండేళ్లలో బరువు బాగా తగ్గుతుంది. తర్వాత చాలామందిలో కొంత తిరిగి వస్తుంది.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనం ఇదే చెప్పింది. సర్జరీ చేయించుకున్న సుమారు 2 వేల మందిని, చేయించుకోని మరో 2 వేల మందితో పోలుస్తూ ఏళ్ల తరబడి గమనించారు. షుగర్ ఉన్నవాళ్లలో రెండేళ్లకు 72 శాతం మంది దాన్నుంచి బయటపడ్డారు. పదేళ్లకు చూస్తే 36 శాతమే! ఆపరేషన్ అదే, లెక్క చూసిన టైమే వేరు.

అలాగని సర్జరీ వృథా అనుకుంటే పొరపాటే. మరణం ముప్పు 29 శాతం తగ్గిందని 2007లో ఇదే అధ్యయనం తేల్చింది. ఏ ఫొటోలోనూ కనిపించని లాభం ఇది. (అప్పట్లో ఎక్కువగా చేసిన రకం ఆపరేషన్ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది, అది వేరే సంగతి.)

ఇక శాతాల తిరకాసు చూడండి. 165 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువున్న వ్యక్తి 30 కిలోలు తగ్గాడనుకుందాం. బీఎంఐ 25ని ఆదర్శంగా పెట్టుకుంటే 'అదనపు బరువు'లో 71 శాతం పోయినట్టు. మన ఆసియా వాళ్లకు చెప్పే 23తో లెక్కిస్తే 63 శాతం. మొత్తం బరువులో చూస్తే 27 శాతమే. మనిషి ఒక్కడే, తగ్గిందీ అవే 30 కిలోలు. ప్రకటనలో ఏ అంకె వేస్తారో ఊహించడం కష్టమేం కాదు.

అన్నిటికన్నా పెద్ద సమస్య, చెకప్‌కి రావడం మానేసేవాళ్లు. వంద మందిలో నలభై మందే వస్తే, లెక్క ఆ నలభై మందిదే అవుతుంది. బరువు మళ్లీ పెరిగినవాళ్లు మొహమాటపడి రాకపోతే ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. రానివాళ్లకు బీ12, ఐరన్ లోపం ఉందో లేదో కూడా తెలియదు. ఇలాంటి వివరాల కోసమే బ్రిటన్, అమెరికాల్లో సర్జరీల రిజిస్ట్రీలు నడుస్తున్నాయి.

'ఎన్ని కిలోలు తగ్గుతాను డాక్టర్ గారూ?' అని అందరూ అడుగుతారు. 'ఐదేళ్ల కిందట మీ దగ్గర చేయించుకున్నవాళ్లలో ఎంతమంది ఇంకా చెకప్‌కి వస్తున్నారు?' అని కూడా అడగొచ్చు.