ఇంగ్లీషు దరఖాస్తులో కాలమూ, కర్తా

పోయిన నెల మన రాజపాళయం కుర్రవాడొకడు తన ఉద్యోగపు దరఖాస్తును మాకు చూపించినాడు. అతడు ఊళ్ళోనే ఒక నూలు మిల్లులో ఐదేళ్ళుగా పని చేస్తున్నాడు. ఇంకొంచెం మంచి జీతానికి కోయంబత్తూరుకు వ్రాసుకున్నాడు. పిలుపు వచ్చినది. కాని అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "ఉన్న పని ఎందుకు మానుకున్నావు?" అని. అబ్బాయి తెల్లబోయినాడు. అతడు మాననే లేదు! కాగితం మీద మాత్రం "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అని ఉన్నది. చదివినవారికి ఆ ఐదేళ్ళూ ముగిసిపోయినవే. సంజాయిషీతోనే సగం సమయం గడిచినది. ఉద్యోగం రాలేదు.

దీనికి తెలివితక్కువ కారణం కాదు. మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళం, దరఖాస్తులో ఇంగ్లీషు. ఒక్కొక్క భాష కాలాన్ని ఒక్కొక్క తీరున కొలుస్తుంది. తెలుగులో "పని చేస్తున్నాను" అన్నది నేటి పనికీ, ఐదేళ్ళుగా సాగుతున్న పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో రెండవదానికి "ఐ హావ్ బీన్ వర్కింగ్" అనాలి. మన మాటను ఉన్నదున్నట్టు దింపి "ఐ యామ్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అన్నా తప్పే.

తమిళంలో "నేత్తు వందిరుక్కాన్" అనవచ్చు. ఆ అలవాటున మనవాళ్ళు "హి హాజ్ కమ్ యెస్టర్‌డే" అంటారు. అది ఇంగ్లీషులో చెల్లదు. నిన్న, పోయిన ఏడు, 2015లో అని గడిచిపోయిన కాలానికి పేరు పెట్టినామా, అక్కడ "హి కేమ్" అనే అనాలి. "2015 నుండి నేటిదాకా" అంటేనే "హాజ్" వస్తుంది.

మన ఊరి పి.యస్. కుమారస్వామిరాజాగారు 1949 నుండి 1952 దాకా మదరాసు ప్రభుత్వాన్ని నడిపినారు. తరువాత ఒరిస్సా గవర్నరుగా ఉండి, 1957లో కాలం చేసినారు. పిల్లలు ఆయన మీద వ్యాసం వ్రాస్తూ "హి హాజ్ బీన్ గవర్నర్" అంటే ఆయన ఇంకా మన మధ్య ఉన్నట్టు ధ్వనిస్తుంది. "హి వాజ్" అనాలి.

ఇక కర్త సంగతి. అదే దరఖాస్తులో "ద మెషీన్స్ వర్ రిపేర్డ్" అని ఉన్నది. ఎవరు చేసినారయ్యా అని అడిగితే, "నేనేనండీ, మాటిమాటికీ ఐ, ఐ అంటే డంబంగా ఉంటుందని" అన్నాడు. తెలుగులో ఆ వినయం చెల్లుతుంది. "యంత్రాలు బాగుచేసినాను" అంటే "నేను" లేకపోయినా చివరి "ను" కర్తను చెప్తుంది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అందుచేత "ఐ" తీసివేస్తే మనిషే మాయమైనాడు. అతడి ఐదేళ్ళ పనితనం ఎవరిదో అయిపోయినది.

అలాగని కర్మణి ప్రయోగం పనికిరానిదని కాదు. "రాజపాళయం మిల్లును 1936లో పి.ఎ.సి. రామసామిరాజాగారు స్థాపించినారు" అంటాము. మిల్లును గూర్చి చెప్పదలిస్తే దానినే ముందు పెడతాము; "ను" విభక్తి ఉన్నది గనుక ఎవరు ఎవరిని స్థాపించినారన్న సందేహం రాదు. ఇంగ్లీషులో మాటలను అలా అటూ ఇటూ మార్చలేము. అక్కడ మిల్లు ముందుకు రావాలంటే "ద మిల్ వాజ్ ఫౌండెడ్" అనవలసిందే. రాజాగారిని గూర్చి వ్రాసేటప్పుడు "హి ఫౌండెడ్ ద మిల్" అనాలి. మనం విభక్తితో చేసే పనిని వారు ప్రయోగం మార్చి చేస్తారు.

కాబట్టి వ్రాసే ముందు రెండే ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని ముగిసినదా, ఇంకా నడుస్తున్నదా? ఈ వాక్యం ఎవరిని గూర్చి? జవాబు తెలిస్తే క్రియ ఏ రూపంలో ఉండాలో చాలావరకు తేలిపోతుంది.

ఆ కుర్రవాడు మరో దరఖాస్తు సిద్ధం చేసుకున్నాడు. అందులో "ఐ హావ్ బీన్ వర్కింగ్" అని ఉన్నది, "ఐ రిపేర్డ్ ద మెషీన్స్" అనీ ఉన్నది. రెండూ నిజమే. మీ ఇంట పిల్లలు వ్రాసిన కాగితాన్ని కూడా పంపే ముందు ఒకసారి పైకి చదివించి, ఈ రెండు ప్రశ్నలూ అడగండి. అడగటానికి పెద్దలకు ఇంగ్లీషు రానక్కరలేదు.