పసుపెక్కిన తెలుపు

అండమాన్‌లో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు, దాని జబ్బు వేరు: పసుపెక్కడం. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో వారి ఇళ్లలో 1990ల నాటి టీవీ గేమ్ ఏదైనా మిగిలి ఉంటే, దాని తెలుపు ఈపాటికి తెలుపుగా ఉండదు.

ఆ తెలుపుకో కథ ఉంది. నింటెండో 1983 జులైలో జపాన్‌లో ఫ్యామికామ్‌ను తెలుపు, ముదురు ఎరుపు రంగుల్లో దించింది. ఎరుపు ప్లాస్టిక్ చవక కాబట్టే ఆ రంగని చాలాకాలం చెప్పుకున్నారు. కాదు, అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి ముచ్చటపడిన రంగని దాన్ని రూపొందించిన మసాయుకి ఉయెమురా తర్వాత తేల్చారు. అమెరికాలో ముచ్చట్లు చెల్లలేదు. 1983లో అక్కడ వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలడంతో దుకాణదారులు ఆ పేరెత్తితేనే మొహం తిప్పుకునేవారు. అందుకే 1985లో లాన్స్ బార్ దాన్ని అచ్చం వీసీఆర్‌లా కనిపించే బూడిదరంగు పెట్టెగా మార్చారు. దాని తుపాకీ జాపర్ కూడా మొదట బూడిదరంగే. నిజం తుపాకీ అనుకోకుండా తర్వాత నారింజ రంగు వేశారు.

మనకు వచ్చినవి ఎక్కువగా నకళ్లు. కొన్ని జపాన్ ఎరుపు-తెలుపునే కాపీ కొట్టాయి. కొన్ని పైకి సెగా మెగాడ్రైవ్‌లా నల్లగా మెరిసేవి, లోపల మాత్రం నింటెండో నకలే. ఎవరు పట్టించుకున్నారు, మారియో గెంతితే చాలు!

ఆనాటి ఏబీఎస్ ప్లాస్టిక్‌లో మంటలు అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. అతినీలలోహిత కిరణాలు, వేడి, ఆక్సిజన్ కలిసి దాన్ని పసుపుకు, ఆపై గోధుమరంగుకు తిప్పుతాయి. విచిత్రం ఏమిటంటే ఒకే పెట్టెలో పై సగం పండిపోయి కింది సగం కొత్తగా ఉండొచ్చు. రెండు ముక్కల ప్లాస్టిక్ వేర్వేరు విడతల్లో తయారవడమే కారణం. సూపర్ నింటెండో ఇందుకు ప్రసిద్ధి.

2008లో అభిరుచిపరులు రెట్రోబ్రైట్ అనే విరుగుడు కనిపెట్టారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెట్టడమే. చెడగొట్టిన ఎండే బాగుచేస్తుందన్నమాట. అలాగైతే అండమాన్‌ను మించిన చోటేది? కాకపోతే పసుపు మళ్లీ తిరిగొస్తుంటుంది, మందు సరిగా పట్టకపోతే మచ్చలూ పడతాయి. అమ్ముకునేవాళ్లు తెల్లబరుచుకోవచ్చు. ఇంట్లో దాచుకునేదాన్ని అలా వదిలేయడమే నయం. ఓపికుంటే క్యాసెట్ దూర్చేచోటి లోహపు పిన్నులను శుభ్రం చేయండి. చిన్నప్పుడు నోటితో ఊది ఊది వాటికి తేమ పట్టించింది మనమే. మిగతా పని సముద్రపు గాలి చూసుకుంటుంది. అవి పోతే పెట్టె ఎంత తెల్లగా ఉన్నా మారియో తెర మీదికి రాడు.