పెద్ద తెర మాల్‌కే పరిమితం కావాలా?

పెద్ద తెర మీద సినిమా చూడాలంటే మహానగరంలో మాల్ మెట్లు ఎక్కాల్సిందేనన్న అభిప్రాయం తెలుగునాట స్థిరపడుతోంది. వాస్తవం వేరు. సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారి పక్కన 2019 ఆగస్టులో ‘సాహో’తో మొదలైన వి ఎపిక్ థియేటర్‌లో ప్రధాన తెర వెడల్పు నూరడుగుల పైమాటే. ఆ హాల్లో 600కు పైగా సీట్లు, అదే ప్రాంగణంలో మరో రెండు చిన్న తెరలు ఉన్నాయి. శ్రీహరికోటకు దారి తీసే ఒక చిన్న పట్టణంలో ఇది సాధ్యమైందంటే, తెర సైజుకూ మాల్‌కూ విడదీయరాని బంధమేమీ లేదని తేలిపోతోంది. పెద్ద తెరను మాల్‌లో బందీ చేసింది సాంకేతికత కాదు, వ్యాపార లెక్క.

ఆ లెక్క ఏమిటో ఒక కుటుంబం ఖర్చులో చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో మల్టీప్లెక్స్ టికెట్ గరిష్ఠ ధరను రూ.250గా నిర్ణయించింది. నలుగురికి రూ.1,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.1,180. రిక్లైనర్ సీట్లకు, పెద్ద సినిమాల తొలి రోజుల్లో ప్రత్యేక అనుమతితో పెంచే ధరలు దీనికి అదనం. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్, కూల్‌డ్రింక్ ధరలకు ఈ పరిమితి వర్తించదు. బయటి తినుబండారాలను అడ్డుకునే హక్కు యాజమాన్యానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. టికెట్ల తర్వాత మల్టీప్లెక్స్ సంస్థలకు పెద్ద రాబడి తినుబండారాలదే. కాబట్టి టికెట్‌కు కళ్లెం వేసినంత మాత్రాన ప్రేక్షకుడి జేబుకు రక్షణ దొరకదు. మాల్ అద్దె మోయనక్కర్లేని పోటీ హాలు ఊళ్లో ఉంటేనే ధర దిగివస్తుంది.

అలాంటి హాళ్లే ఇప్పుడు మూతపడుతున్నాయి. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు జనం రాక పది రోజులు ప్రదర్శనలు ఆపేశారు. ఏడాది తిరిగేసరికి రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లూ వసూళ్లలో వాటా దక్కే పర్సంటేజీ విధానం కోసం పట్టుబట్టారు. వారి వాదనలో న్యాయముంది. మల్టీప్లెక్స్‌కు వసూళ్లలో వాటా దక్కుతుంది. సింగిల్ స్క్రీన్‌కు మాత్రం వసూళ్లు బాగుండే తొలి వారం నిర్ణీత అద్దె, అవి పడిపోయాక పర్సంటేజీ అంటున్నారు పంపిణీదారులు. హాలు నిండినప్పుడు లాభంలో పాలు లేని యజమాని కొత్త ప్రొజెక్టర్‌కూ మంచి సౌండ్‌కూ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

మల్టీప్లెక్స్ వల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. శుభ్రత, ఆడవాళ్లకు భద్రత, ఆన్‌లైన్ బుకింగ్ మామూలైపోయాయి. రెండు వందల సీట్ల హాళ్లు ఉండబట్టే చిన్న సినిమాకు నాలుగు ఆటలు దొరుకుతున్నాయి. వెయ్యి సీట్ల పాత హాలును యథాతథంగా నిలబెట్టమనడం అత్యాశే. అందుకే ఒక పెద్ద తెర, పక్కన ఒకటి రెండు చిన్న తెరలు అనే నమూనా జిల్లాలకు సరిపోతుంది. ఓటీటీ ఉండగా ఇదంతా వృథా అనేవారూ ఉన్నారు. కానీ ఇంట్లో దొరకని అనుభవాన్ని ఇవ్వలేని హాలే ఓటీటీ ముందు ఓడిపోతుంది. ఆ అనుభవాన్ని మాల్‌కు అప్పగించేసి, ఊళ్లో జనం థియేటర్‌కు రావడం లేదని వాపోవడంలో అర్థం లేదు.

చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. తొలి రోజు నుంచే అన్ని థియేటర్లకూ పర్సంటేజీ వర్తింపజేయాలి. పెద్ద తెర పెట్టే జిల్లా థియేటర్లకు అనుమతులు త్వరగా ఇవ్వాలి. రూ.100 లోపు టికెట్‌పై జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 5 శాతానికి తగ్గింది. ముందు వరుసలను ఆ ధరలో ఉంచితే సామాన్యుడు మళ్లీ వస్తాడు. ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ వంటి చిత్రాలకు వందల కోట్లు పెట్టగలిగిన పరిశ్రమకు ఆ ధైర్యం ఇచ్చింది ఊరూరా టికెట్ కొన్న జనమే. సినిమాను దాని పూర్తి స్థాయిలో చూసే హక్కు ముందుగా వాళ్లది.