ఆ మాత్రలు గుండెకు మంచివి కావట!

మన తెలుగులో "ట" అనే ఒక్క అక్షరానికి ఉన్న బలం ఇంక దేనికీ లేదండీ. మాట ఎవరన్నారో చెప్పక్కర్లేదు, ఎక్కడ విన్నామో చెప్పక్కర్లేదు. చివర "ట" తగిలిస్తే చాలు, బాధ్యత తీరిపోతుంది. "ఆ మాత్రలు గుండెకు మంచివి కావట." "ఒకసారి మొదలుపెడితే జన్మలో మానలేమట." "రోజూ ధ్యానం చేసుకుంటే చాలట." డిప్రెషన్‌కి మందులు వాడుతున్న ఆడవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి, ఈ మూడు "ట"లూ విననివాళ్ళు దొరకరు.

అదే ఇంట్లో మామగారి బీపీ మాత్రలకి ఏ "ట"లూ ఉండవు. ఆయన మందుల డబ్బా టీవీ పక్కన దర్జాగా కూర్చుంటుంది. కోడలి మాత్రలు మాత్రం బీరువాలో చీరల మడతల్లో దాక్కుంటాయి.

నాకు ఇవాళ ఇద్దరితో పేచీ. ఒకరు ఈ "ట" బాపతు. రెండోవారు "ఏం కాదమ్మా, వేసుకోండి" అని తలెత్తకుండా చీటీ రాసిచ్చే డాక్టర్లు. వీళ్ళు భయపెట్టి మందు మాన్పిస్తారు, వాళ్ళు ఏమీ చెప్పకుండా మింగిస్తారు. ఎటు చూసినా మనకి నిజం మాత్రం చెప్పరు.

ఆ నిజం ఎంతో చూద్దాం. అసలు "డిప్రెషన్ మాత్ర" అని ఒకే మాత్ర లేదు. పాతకాలం నుంచీ ఉన్న అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటివి గుండె వేగం పెంచుతాయి. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళకి వాటిని ఇవ్వకూడదు. నాకు డిప్రెషన్ లేదుగా అని ఈ పేరా దాటేయకండి. అమిట్రిప్టిలిన్‌ని మైగ్రేన్‌కీ, నరాల నొప్పులకీ కూడా రాస్తారు. మీ డబ్బాలోనే ఉండొచ్చు. వెన్లాఫాక్సిన్ కొందరికి బీపీ పెంచుతుంది.

ఇక సిటలోప్రామ్, దాని తోబుట్టువు ఎస్సిటలోప్రామ్. మన చీటీల మీద తరచూ కనిపించేది ఈ రెండోది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కింది గదుల్లో విద్యుత్తు పుట్టి, పని చేయించి, మళ్ళీ సద్దుమణుగుతుంది. దానికి పట్టే సమయాన్ని ఈసీజీ కాగితం మీద క్యూటీ అని కొలుస్తారు. ఈ మందులు మోతాదు పెరిగేకొద్దీ ఆ సమయాన్ని కొంచెం సాగదీస్తాయి. మరీ సాగితే లయ తప్పి మనిషి స్పృహ కోల్పోవచ్చు, అరుదుగా ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే 2011 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ సిటలోప్రామ్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదనీ, 60 ఏళ్ళు దాటినవాళ్ళకి 20 మించకూడదనీ హెచ్చరించింది. ఆ డిసెంబరులోనే బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 65 దాటినవాళ్ళకి ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు చాలంది.

ఇంకో సంగతి. ఈ క్యూటీ ఆడవాళ్ళకి సహజంగానే మగవాళ్ళకంటే కాస్త ఎక్కువ. మందుల వల్ల ఇలా లయ తప్పే ప్రమాదం కూడా మనకే ఎక్కువ. మీకు చీటీ రాసినవాళ్ళు ఎవరైనా ఈ మాట చెప్పారా?

మా పిన్నికి చెప్పలేదు. బాబాయి పోయాక మనిషి కుంగిపోతే, వాళ్ళ కాలనీ డాక్టరు ఎస్సిటలోప్రామ్ 20 రాశారు. అప్పటికి ఆవిడకి 66 ఏళ్ళు. గ్యాస్‌కి ఒమెప్రజోల్ ఎప్పటినుంచో వాడుతోంది. ఒమెప్రజోల్ ఒంట్లో ఈ మందు పాళ్ళు పెంచుతుందని ఎవరూ చూసుకోలేదు. ఒక వేసవిలో రెండు రోజులు వాంతులు, విరేచనాలు. మందుల షాపులో ఒండాన్‌సెట్రాన్ ఇచ్చారు. అదీ క్యూటీని సాగదీసేదే. విరేచనాలతో పొటాషియం పడిపోయింది. మూడూ కలిసి ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర పడిపోయింది. ఆస్పత్రిలో పొటాషియం ఎక్కించి, మందులు సరిచేసి, మూడో రోజు ఇంటికి పంపారు. గుండెకి జబ్బేమీ లేదన్నారు. మోతాదు తగ్గించి వాడుకోమన్నారు.

ఇక్కడ దిగారండీ మన "ట" బృందం. "మేం ముందే చెప్పలేదూ!" అంటూ ఊళ్ళో ఉన్న చుట్టాలందరూ వరసకట్టారు. పిన్ని భయపడి తగ్గించిన మాత్ర కూడా ఒక్కసారిగా మానేసింది. వారం తిరక్కుండా కళ్ళు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు ఉండడం, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం. నెల తిరిగేసరికి స్నానం మానేసింది, అన్నం మానేసింది, "నేనెందుకే ఇంకా" అనడం మొదలుపెట్టింది. పడిపోయినప్పుడు మూడు రోజుల్లో కోలుకున్న మనిషి, ఈసారి తేరుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళి, ఈసీజీ తీయించి, సెర్ట్రాలిన్ మొదలుపెట్టాకే మళ్ళీ ముద్ద ముట్టింది. ఆ నాలుగు నెలల్లో చుట్టాల్లో ఒక్కరూ వచ్చి రాత్రి తోడు పడుకోలేదు.

గుండె మీద అంత బెంగ ఉన్నవాళ్ళకి ఇది కూడా తెలియాలి: డిప్రెషన్‌ని అలా వదిలేస్తే దానివల్లా గుండెకి చేటే. గుండెపోటు వచ్చినవాళ్ళలో డిప్రెషన్ ఉంటే ముప్పు ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో స్పష్టంగానే చెప్పింది. ఇందాక చెప్పిన సెర్ట్రాలిన్‌ని గుండెపోటుతోనో, అన్‌స్టేబుల్ ఆంజైనాతోనో ఆస్పత్రిలో చేరిన 369 మందిలో పరీక్షించి, గుండెకి హాని కనబడలేదని 2002లో ప్రచురించారు. కాబట్టి "గుండెకు మంచివి కావు" అని మాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

నేను తెలుగు బీఏ చదివినదాన్ని, ఒక్క మాట భాష గురించి చెప్పకుండా ఉండలేను. మనసుకి వచ్చిన కష్టమంతా మనం గుండె మీదే పెడతాం. గుండె జారింది, గుండె బరువెక్కింది, గుండె చెరువైంది. పాపం ఏ ఇల్లాలూ డాక్టరు దగ్గర "నాకు డిప్రెషన్" అనదు, "గుండె దడ" అంటుంది. అక్కడ "టెన్షన్ అమ్మా" అనేసి పంపుతారు. మనసు మాత్రలు వాడుతోందని తెలిస్తే మరీనూ. నిజంగా ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా, దవడ లాగినా అన్నిటికీ అదే జవాబు. మాత్ర వేసుకునే మనిషికి గుండె ఉండదా? ఆ మాత్ర వేసుకుంటోంది కాబట్టే ఈసీజీ తీయాలి కదా!

ఈసీజీ అయిదు నిమిషాల పని. సూది గుచ్చరు, పరగడుపున రమ్మనరు. కొత్తగా మాత్ర మొదలుపెట్టే వయసు మళ్ళినవాళ్ళకీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయిన చరిత్ర ఉన్నవాళ్ళకీ అది అవసరమా అని మీరే నోరు తెరిచి అడగండి. వాడే ప్రతి మందూ, గ్యాస్ బిళ్ళతో సహా, సంచీలో వేసుకెళ్ళి బల్ల మీద పరవండి. ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచన చేసేవి వాడుతుంటే అదీ చెప్పండి, ఈ మాత్రలతో కలిస్తే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. దగ్గుకి అజిత్రోమైసిన్ రాస్తుంటే "నేను ఫలానా మాత్ర వాడుతున్నానండీ" అనండి. స్పృహ తప్పినా, గుండె లయ తప్పినట్టు కొట్టుకున్నా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి. మాత్ర మీకు మీరే మానేయకండి. మానాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఎవరితో చెప్పుకోవాలో తోచకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.

"ఇవన్నీ చెప్పడానికి మాకు టైమెక్కడిదమ్మా" అంటారు డాక్టరుగారు. పిన్నిని తీసుకుని ఆ బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నానండీ, మాకున్న టైము మీరు చూడలేదు.