బ్యాటరీ వైరు లావెంతో బిల్లులో రాయాలి

ఇన్వర్టర్ కొనడానికి వెళ్లినవాళ్లు ఎన్ని గంటలు వస్తుందో అడుగుతారు, వారంటీ ఎన్నేళ్లో అడుగుతారు. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఉండే రెండు వైర్ల లావు సంగతి ఎవరూ ఎత్తరు. షాపువాళ్లూ చెప్పరు. తర్వాతెప్పుడో బ్యాటరీని హాల్లోంచి బాల్కనీకి మార్చాల్సి వస్తే, సంచిలో మిగిలిన ఇంటి వైరు ముక్కతో పని కానిచ్చేసే ఎలక్ట్రీషియన్లకు కొదవ లేదు.

గీజరుకే నాలుగు స్క్వేర్ వైరు సరిపోతుంటే, నాలుగు ఫ్యాన్లకీ ఒక టీవీకీ చాలదా అన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద లాగేది 9 ఆంపియర్లలోపే. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 700 వాట్లు తీయాలంటే 58 ఆంపియర్లు కావాలి. ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే 70 దాకా వెళ్తుంది. నాలుగు స్క్వేర్ వైరు మోయగలిగిన దానికి అది రెట్టింపు పైమాటే.

బ్యాటరీ మూడు మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను మూడు, రాను మూడు, మొత్తం ఆరు మీటర్ల రాగి వైరు. ఆ 70 ఆంపియర్లకు నాలుగు స్క్వేర్ వైరులో దాదాపు 1.8 వోల్టులు దారిలోనే పోతాయి. అంటే 125 వాట్ల వేడి. ఒకటిన్నర సీలింగ్ ఫ్యాన్ల కరెంటు గోడ వెంబడి వైరును కాల్చడానికే ఖర్చవుతోందన్నమాట! బ్యాటరీలో ఇంకా 12 వోల్టులున్నా ఇన్వర్టర్‌కు అందేది 10.2. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గరే కూత పెట్టి ఆగిపోతాయి. ఇంటాయన బ్యాటరీ పోయిందని కొత్తది కొంటాడు.

అదే దూరానికి 25 స్క్వేర్ వైరు వేస్తే పోయేది 0.3 వోల్టు. బ్యాటరీని ఒక మీటరులోపు పెట్టుకుంటే 16 స్క్వేర్‌తోనే నష్టం అంతకన్నా తగ్గుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకూడదు. అల్యూమినియం నిరోధం రాగికి 1.6 రెట్లు.

కాబట్టి బ్యాటరీ ఏహెచ్ రాసినట్టే వైరు సైజు, పొడవు, రాగా కాదా అన్నదీ బిల్లు మీద రాసివ్వడం షాపుల బాధ్యత కావాలి. ఫ్యూజు కూడా అందులో చేరాలి. ఇంటి ఎంసీబీలు ఏసీ వైపే కాపలా కాస్తాయి. బ్యాటరీ వైర్లు రెండూ ఒరుసుకుని షార్టయితే వందల ఆంపియర్లు పారుతున్నా వాటికి తెలియదు. వైరు మోతకు తగిన ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే ఉండాలి, ఇన్వర్టర్ దగ్గర కాదు.