నల్లమల చెప్పే పాఠం

ప్రకృతి యావత్తూ పోరాటమేననీ, బలవంతుడు బ్రతకడమే దాని శాసనమనీ నమ్మేవారు మనలో తక్కువమంది కారు. ఈ మాటకు డార్విన్ పేరును అండ తెచ్చుకోవడం విద్యావంతులకు పరిపాటి అయినది. సైబీరియా మంచు నేలలలో జంతువుల బ్రతుకును స్వయంగా పరిశీలించిన రష్యా దేశీయుడు క్రొపొట్కిన్, 1902లో పరస్పర సహాయాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించి, ఆ శాసనంలో రెండవ సగాన్ని లోకం చదవలేదని చూపించాడు. జీవికి శత్రువు సాటి జీవి ఒక్కటే కాదు. చలి, కరవు, వరద కూడా శత్రువులే. వాటిని జట్టుగా ఎదుర్కొన్న జాతులే వర్ధిల్లుతవని ఆయన వాదం.

ఇందుకు సాక్ష్యం వెదకడానికి నంద్యాల, ఆళ్లగడ్డ వాసులు సైబీరియా దాకా పోనక్కరలేదు. నంద్యాల నుండి గిద్దలూరు పోయే రైలు నల్లమల నడుమనుండే పోతుంది. ఆళ్లగడ్డకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన అహోబిలం కొండలున్నవి. ఆ అడవిలో కొండముచ్చులు మేసే చెట్టు క్రింద చుక్కల దుప్పులు చేరుతవి. పైనుండి రాలే చిగుళ్లు, కాయలు వాటికి మేత. పులి దూరాన కనబడితే కొండముచ్చు అరుస్తుంది. దుప్పి ముందుగా వాసన పసికడితే అది కూత పెడుతుంది. ఒకదానిది కన్ను, మరొకదానిది ముక్కు. ఒడంబడిక వ్రాసుకొనకయే రెండు జాతులూ బ్రతుకుతున్నవి.

కొండచరియకు వ్రేలాడే పెద్ద తేనెపట్టును చూడండి. కందిరీగ సమీపించగానే పట్టుమీది ఈగలు ఒకదాని వెంట ఒకటి పొట్ట చివరలు పైకెత్తుతవి. పట్టంతటా అల పరుగెత్తినట్లుంటుంది. శత్రువు బెదరి తొలగిపోతుంది. ఒక్క ఈగ పొట్ట ఎత్తితే భయపడేదెవరు? రేచుకుక్కలు వేటనుండి తిరిగివచ్చి, తిన్న మాంసాన్ని కక్కి మందలోని పిల్లలకు పెడతవి. తమ కడుపున పుట్టనివాటికి సైతం పెడతవి.

ఇంతటితో ఆపితే పాఠం సగమే అవుతుంది. తొర్రలో కాపురముండే తేనెటీగలు తమ పట్టు వాసన లేని ఈగను వాకిటనే అడ్డగిస్తవి. ఒక పుట్ట చీమలు మరొక పుట్ట చీమలతో చచ్చేదాకా పోరాడడం కద్దు. తమవారికోసం ప్రాణమిచ్చే గుణం, పరాయివారి ప్రాణం తీసే గుణం ఒకే పుట్టలో పెరుగుతున్నవి. సీమ పల్లెలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ముఠా కక్షలలో నేలకొరిగినవారు సహకారం ఎరుగనివారు కారు. తమ వర్గానికి అన్నం పెట్టారు, అండగా నిలిచారు, జైళ్లకు పోయారు. లోపించినది సహకారం కాదు, దాని వైశాల్యం.

ఆ వైశాల్యాన్ని తన ఇష్టంతో పెంచుకోగలవాడు మనిషి. మానవుని సానుభూతి తన చిన్న తెగను దాటి దేశానికి, ఆపైన సకల జాతులకు విస్తరించాలని డార్విన్ సైతం 1871లో వ్రాసినాడు. చిన్నయసూరి 1853 నాటి ‘నీతిచంద్రిక’లో చిత్రగ్రీవుని కథ మన విద్యార్థులు ఎరిగినదే. పావురాలన్నీ కలిసి వలతో ఎగిరిన సంగతి అందరికీ జ్ఞాపకముంటుంది. ఆ వలను కొరికినది పావురం కాదు, ఎలుక అన్న సంగతిని మరచిపోతాము. కలిసి ఎగరడానికి స్వజాతి చాలినది. బంధం తెగడానికి పరజాతి మైత్రి కావలసివచ్చినది.

సుంకేసుల వద్ద తుంగభద్రను విడిచి, నంద్యాల సీమను తడుపుతూ కడప దాకా పోయే కె.సి. కాలువ ఏటేటా మనకు ఇదే పరీక్ష పెడుతున్నది. ఎగువ తూము అవసరానికి మించి తెరచి ఉంటే దిగువ పొలం ఎండుతుంది. ఆ దిగువ రైతు మన ఊరివాడు కాడు, మన పక్షంవాడు కాడు. అతని ముఖమైనా మనం ఎరుగము. అతనికోసం సకాలంలో తూము దించే చేయి చీమకు, తేనెటీగకు లేని ధర్మాన్ని ఆచరిస్తున్నది.

ఈ ధర్మానికి ఓనమాలు బడిలోనే పడాలి. స్నేహితునికి లెక్క చెప్పే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉన్నాడు. తనతో మాటలు లేని బాలుని ప్రక్కన కూర్చుండి అదే లెక్క చెప్పేవాడు అరుదు. వానిని తయారు చేసిన ఉపాధ్యాయుడు ఏ మార్కుల పట్టికలోనూ కనబడని మేలు ఈ సీమకు చేసినవాడవుతాడు.