డైరెక్ట్ చేసేయమంటారా సార్?

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా నన్ను నేను తిట్టుకోవడంతో మొదలవుతుంది. తర్వాత మీ వంతు కూడా వస్తుంది, కాబట్టి నవ్వుకోకండి.

2019లో నల్లగండ్లలో ఫ్లాట్ తీసుకుని ఇంటీరియర్స్ పని పెట్టాం. కిచెన్ కప్‌బోర్డులకి ఏ కంపెనీ హింజెస్ వెయ్యాలా అని నేనూ మా ఆవిడా మూడు వారాలు చర్చించుకున్నాం. ఎక్సెల్ షీట్ కూడా ఉందండీ, ఇప్పటికీ దాచాను. ఆ పని చేసేవాళ్ళు మెషిన్లకి కరెంటు ఎలా తీసుకుంటున్నారన్నది మాత్రం పట్టించుకోలేదు. కళ్ళెదురుగానే ఉంది. మీరూ చూసే ఉంటారు: కట్టర్ వైరు చివర ప్లగ్గు ఉండదు. రెండు వైర్ల కొసలు ఒలిచి సాకెట్ కన్నాల్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. లక్షలు పోసి చేయిస్తున్న పనికి కరెంటు సప్లై అగ్గిపుల్లల మీద నడుస్తోందన్నమాట.

గ్రానైట్ కోస్తున్న రోజు, కట్టర్ ఆన్ చేసిన పది నిమిషాలకోసారి ఇల్లంతా కరెంటు పోతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. వచ్చి, డీబీ మూత తీసి, "సార్, ఈ ఆర్‌సీసీబీ మస్తు సెన్సిటివ్ ఉన్నది. డైరెక్ట్ చేసేస్తే ఇగ ట్రిప్పే కాదు. చేసేయమంటారా?" అన్నాడు. నాకు అవతల కాల్ మొదలైపోయింది. ఫోన్ మ్యూట్‌లో పెట్టి "చేసెయ్ అన్నా" అన్నాను. అంతే. రెండు ముక్కలు.

మర్నాడు మధ్యాహ్నం, కోస్తున్న రాయి మీద నీళ్ళు పోసే హెల్పర్ కుర్రాడు తడి నేల మీద ఉత్తి కాళ్ళతో నిలబడి, అడ్డమొచ్చిన వైరు పక్కకి జరపబోయాడు. కేక కూడా రాలేదు. చెయ్యి వైరు మీద బిగుసుకుపోయింది. కార్పెంటర్ బుర్ర పనిచేసింది కాబట్టి సరిపోయింది. కుర్రాణ్ణి ముట్టుకోకుండా, పొడి ప్లైవుడ్ ముక్కతో కొట్టి వైరుని సాకెట్లోంచి ఊడగొట్టాడు. అగ్గిపుల్లలతో గుచ్చింది కదా, ఇట్టే ఊడొచ్చింది. (ఏం చెప్పమంటారు, అగ్గిపుల్లలు ఆ ఒక్కసారికి మేలే చేశాయి.) కుర్రాడు బతికాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. అరచేతిలో కాలిన మచ్చ మిగిలింది. "మా పనిలో ఇవన్నీ మామూలే సార్" అన్నాడు కాంట్రాక్టర్, నన్ను ఓదారుస్తున్నట్టు.

సాయంత్రం ఆ వైరు చూశాను. మధ్యలో జాయింటు, దాని మీద ఇన్సులేషన్ టేపు. టేపు జిగురు వదిలేసి, రాతిపొడి కలిసిన నీళ్ళలో నానుతోంది. ముందురోజంతా ఆర్‌సీసీబీ మొత్తుకున్నది ఇదే. మేమేం చేశాం? దాని నోరు నొక్కేశాం.

మన ఆఫీసుల్లో ఎవడైనా టెస్టు ఫెయిలవుతోందని టెస్టుని కామెంట్ చేసి కోడ్ పంపితే ఏమంటాం? రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అదే మనం ఇంట్లో అదే పని చేసి, పైగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మాకూ ట్రిప్ అయ్యేదండీ, బైపాస్ చేయించాం, ఇప్పుడు హాయి" అని సలహాలిస్తాం. ఇచ్చేదంతా ఇంజినీర్లే. సగం మంది ట్రిపుల్ ఈ!

"ఎమ్‌సీబీ ఉందిగా" అంటారు. ఎమ్‌సీబీ కాపాడేది గోడలో వైరుని. మిమ్మల్ని కాదు. తడిసిన ఒంటికి లెక్క కోసం వెయ్యి ఓములు అనుకోండి. 230 వోల్టులకి ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ యాంపియర్లు. పాతకాలపు సీలింగ్ ఫ్యాను ఇంతకంటే ఎక్కువే లాగుతుంది. 16 యాంపియర్ల ఎమ్‌సీబీ లెక్కలో ఆ కుర్రాడు కూడా ఒక ఫ్యానే. ఎందుకు పడిపోతుంది?

పట్టుకున్న వైరు వదల్లేకపోవడం గురించి బర్కిలీలో ఛార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ వలంటీర్ల మీద ప్రయోగాలు చేశాడు. మగవాళ్ళలో సగటున 16 మిల్లీ యాంపియర్ల దగ్గర చెయ్యి వదలదని తేల్చాడు. అమెరికాలో లీకేజీ పట్టే పరికరం 1961లో కనిపెట్టిందీ ఆయనే. మన ఇళ్ళలో ఉండే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, ఫేజ్‌లో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ పోల్చి చూస్తుంది. తేడా 30కి చేరితే 300 మిల్లీ సెకన్లలోపు, ఇంకా పెద్దదైతే అంతకంటే చాలా త్వరగా లైను కోసేస్తుంది. ఫేజూ న్యూట్రలూ రెండూ పట్టుకుంటే దానికి తెలియదు, అది వేరే సంగతి. ఈ లీకేజీ రక్షణ ఉండాలని 2010 నాటి కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలూ చెప్పాయి, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ చెప్తున్నాయి.

ఇంకో అరకొర జ్ఞానం: "రెండు పిన్నులే ఉన్నాయి, ఎర్తింగ్ లేదు, డేంజర్." కాదండీ. మెషిన్ మీద చదరంలో చదరం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్‌ది, దానికి రెండు వైర్లే ఉంటాయి. కానీ ఆ రక్షణ మెషిన్‌కే, టేపు చుట్టిన జాయింటుకి కాదు. లోపలికి నీళ్ళు చేరితే మెషిన్‌కీ గ్యారంటీ లేదు. ఇనుప బాడీ ఉన్న పాత గ్రైండర్‌కి, సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్ళున్నారు చూశారూ, వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

యూకేలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మా వీధిలో కట్టడం పని జరిగేది. అక్కడ మెషిన్లన్నీ ఒక పసుపుపచ్చ డబ్బాకి తగిలించి ఉండేవి. అదొక ట్రాన్స్‌ఫార్మర్. 230ని 110 చేస్తుంది, అదీ మధ్యలో ఎర్త్ చేసి. అంటే ఒక వైరు పట్టుకుంటే ఒంటికి తగిలేది 55 వోల్టులే. అక్కడి కూలీ ఒళ్ళు వేరే పదార్థంతో చేసింది కాదు కదా.

"చెబితే వినరండీ వాళ్ళు." ఎప్పుడు చెప్పాం? టైల్ అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే పీకించి మళ్ళీ వేయిస్తాం, అప్పుడు వింటున్నారుగా! ప్లగ్ టాప్ ధర మన కాఫీ అంత కూడా ఉండదు. రోజుకూలీకి వచ్చినవాడు తన జేబులోంచి ఎందుకు కొంటాడు? మనమే నాలుగు కొనిచ్చి, జాయింటు లేని వైరు ఉంటేనే పని అని అడ్వాన్సు ఇచ్చే రోజే చెప్పాలి. ఆర్‌సీసీబీ మీద టి అని రాసిన బటన్ నొక్కి, పడుతోందో లేదో పని మొదలయ్యేముందే చూసుకోవాలి. ఇంట్లో అది లేకపోతే పెట్టించండి. కరెంటు షాకుతో మన దేశంలో ఏటా పదివేలమందికి పైగా పోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి.

మొన్న ఆదివారం ఎదురు ఫ్లాట్ ఆయన డ్రిల్లింగ్ మెషిన్ అప్పు అడగడానికొచ్చారు. ఇస్తాను గానీ ముందు మీ డీబీ చూపించండి అన్నాను. నవ్వుతూ మూత తీశారు. ఆర్‌సీసీబీ ఉంది. వైర్లు దాని పక్కనుంచి పోతున్నాయి.